సోమవారం లేని బట్టి

జహీరాబాద్,
9 నవంబర్ 1981

చిన్నోడా బసవరాజూ,

దీపావళికి వస్తానని రాని మనిషిని తిట్టడానికే కాగితం తీశాను. కానీ పని నీతోనే పడింది కాబట్టి తిట్లు వాయిదా వేస్తున్నాను. సుగుణ పంపిన నారింజలు అందాయి. సగం దారిలోనే మెత్తబడ్డాయి, తక్కిన సగం మా హెడ్‌మిస్ట్రెస్ కంట్లో పడ్డాయి. నా వాటాకు బుట్ట మిగిలింది. మరదలికి మాత్రం చాలా తియ్యగా ఉన్నాయని చెప్పు.

అసలు సంగతి మీ బావ దగ్గు. ఇదివరకు పొద్దున పూట దగ్గేవారు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడుతున్నారు. బీదర్ తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాను. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూసి ఏం పని చేస్తారని అడిగాడు. పదిహేనేళ్లుగా ఇంద్రసేన దొర ఇనుప కార్ఖానాలో బొగ్గుల బట్టికి మేస్త్రి అని చెప్పాను. "ఇంకో మూడేళ్లు ఆ పొగలోనే ఉంటే ఈయన్ని నా దగ్గరికి తేకండి, లాభం లేదు" అన్నాడు. మొహం మీదే చెప్పాడు మహానుభావుడు.

బయటికొచ్చాక మీ బావ నవ్వారు. "పొగకు దూరం ఉండుమంటడు. బట్టి కాడికి పోకుంటే నేనెవన్ని గిరిజా? ఇంట్ల కూసొని నీ బడి పిల్లల పలకలు కడగాల్నా?" అన్నారు.

పోయినేడు ఆయనకు చెప్పకుండా నేను దొర దగ్గరికి పోయి, గేటు దగ్గర కూర్చునే నౌకరీ ఏదైనా ఇప్పించమని అడిగాను గుర్తుందా? తెలిసిన రోజు నుంచి మూడు నెలలు నాతో మాట్లాడలేదు. "నా ఎనుక నా బతుకు బేరం పెడితివి" అని ఒక్క మాట అన్నారు, అంతే. పెట్టింది తిన్నారు, నోరు మాత్రం మెదపలేదు. ఆ మూడు నెలలు నేనెట్లా బతికానో నాకే తెలుసు. మళ్లీ అది నావల్ల కాదు.

వారంలో ఒక్క సోమవారమే ఆయన మంచి గాలి పీలుస్తారు. మన లింగాయతులు సోమవారం ఎడ్లకు కాడి కట్టరు, మొగుడంపల్లి నుంచి కట్టెబొగ్గుల బండ్లు రావు. అందుకని మొదటి నుంచీ ఆదివారం సాయంత్రం బట్టిని పండబెడతారు. అడుగున కాస్త ఇనుము మిగిల్చి, పైన బొగ్గులు నింపి, గాలి గొట్టాలకు మట్టి మెత్తి, ఒక కొబ్బరికాయ కొట్టి ఇంటికొస్తారు. మంగళవారం మట్టి తీసి గాలి వదిలితే అది లేస్తుంది. "బసవన్న పండుకున్న దినం బట్టి సుత పండుకోవాలె" అంటారు.

ఇప్పుడు నా ప్రశ్న. నువ్వు చదివిందే ఇనుప రాయిని కరిగించే చదువు. పొగ లేకుండా ఇనుము తీసే దారి ఏదైనా ఉందా? ఆయన బట్టి ముందే ఉండాలి, పొగ మాత్రం ఉండకూడదు. ఉంటే దొరకు నువ్వే రాయి. నేను అడిగినట్టు ఎవరికీ తెలియకూడదు. నాకు జవాబు ఇంటికి కాదు, బడి అడ్రసుకు రాయి. ఆఫీసు నమస్కారాలు మాని, మనవాళ్ల లాగా శరణార్థి అని మొదలుపెట్టు.

అక్క,
గిరిజ

*

నాగపూర్,
25 నవంబర్ 1981

అక్కకు శరణార్థి.

ఉందక్కా, ఉంది! నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి, లేచి నిలబడ్డాను. పక్క బల్ల ఆయన ఏమైంది, అందరూ క్షేమమేనా అని అడిగాడు.

నువ్వు పిల్లలకు చెప్పే సైన్సు పాఠమే ఇది. బట్టిలో బొగ్గు రెండు పనులు చేస్తుంది. వేడి పుట్టిస్తుంది, రాయిలోని ఆమ్లజనిని లాగేస్తుంది. రెండో పనికి బొగ్గు తప్పదు, కానీ కొంచెం చాలు. వేడి పని మాత్రం కరెంటుకు అప్పగించవచ్చు. మనిషి నడుమంత లావు కార్బన్ కడ్డీలు మూడు రాయిలోకి దించి కరెంటు వదిలితే రాయి అన్నం ఉడికినట్టు ఉడుకుతుంది. మూడో వంతు బొగ్గు సరిపోతుంది, వచ్చే కాస్త పొగను గొట్టంతో పైకప్పు దాటించవచ్చు. మొగుడంపల్లి చెట్లు కూడా బతుకుతాయి.

మొన్న ఇక్కడ ఒక సభలో ముసలి ప్రొఫెసర్ ఒకాయన మాట్లాడాడు. లోకంలో పొగగొట్టాలన్నీ వదిలే బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో పేరుకుపోతున్నదట, మన మనవల కాలానికి భూమికే జ్వరం వస్తుందట. వెనక వరుసల్లో నవ్వారు. పైగా భోజనాల ముందు మాట్లాడాడు, ఎవరు వింటారు? నేను విన్నాను. నాకు భూమి సంగతి అంతగా పట్టలేదు గానీ మన బావ దగ్గు గుర్తొచ్చింది.

చిన్న కార్ఖానాలకు సలహాలివ్వడమే మా ఆఫీసు పని కాబట్టి దొరకు రిపోర్టు రాస్తాను. కొత్త పద్ధతులకు సర్కారు సాయం కూడా ఉంది. బావకు కూడా ఒక ముక్క రాయనా? సంతోషిస్తారు.

నీ తమ్ముడు,
బసవరాజ్

*

జహీరాబాద్,
20 డిసెంబర్ 1981

తమ్మీ,

బావకు రాస్తే నీ చెయ్యి విరగ్గొడతాను. నేనేం రాశాను, నువ్వేం అడుగుతున్నావు? నీ నుంచి ఉత్తరం వచ్చిందంటే నేను అడిగానని ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది. దొర తనంతట తానే తెచ్చాడనుకోవాలి.

ఇంకో మాట. కరెంటు నీకు ఎక్కడి నుంచి వస్తుందిరా? అది కూడా ఎక్కడో బొగ్గు కాల్చి తీసేదే కదా. నా మొగుడి ముందు పొగ తీసుకుపోయి ఇంకొకతె మొగుడి ముందు పెడుతున్నావన్నమాట. పెట్టు. నేనంత మంచిదాన్ని కాదు.

కందులు పంపుతున్నాను. ఎర్రనేల కందులు, కుక్కర్లో వేసి పాడు చేయవద్దని సుగుణకు చెప్పు.

గిరిజ

*

నాగపూర్,
11 సెప్టెంబర్ 1983

అక్కకు శరణార్థి.

రెండేళ్లు తిరిగితే తిరిగాను గానీ పని అయింది. దొర సంతకం పెట్టాడు, సర్కారు ఒప్పుకుంది. దసరా దాటగానే బట్టి కట్టే కంపెనీ వాళ్లు సామాను దించుతారు. మార్చికల్లా జహీరాబాద్‌లో కరెంటు బట్టి!

బావ గురించి భయపడకు. కొత్త బట్టికి కూడా ఆయనే మేస్త్రి. ఆ మాట రిపోర్టులోనే రాయించాను. పాఠాలూ శిక్షణా అంటూ ఎవరూ ఆయన్ని కుర్రాళ్ల పక్కన బల్ల మీద కూర్చోబెట్టరు. అది కూడా నేను చూసుకున్నాను.

ఆఫీసులో ఇప్పుడు నన్ను జహీరాబాద్ అని పిలుస్తున్నారు.

బసవరాజ్

*

జహీరాబాద్,
22 ఏప్రిల్ 1984

నా బంగారు తమ్ముడికి,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నోటితో అంటే దిష్టి తగులుతుందని భయం. ఇప్పుడు అంటున్నాను. మీ బావ దగ్గడం లేదు. నిన్న నడిచి గంజ్ బజారుకు పోయి, అర బస్తా జొన్నలు భుజాన వేసుకుని నడిచే వచ్చారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మొదట్లో మాత్రం నరకం చూపించారు. "నిప్పు కండ్లకు కనవడని బట్టి ఏం బట్టి? మంట రంగు జూసి ఇనుము ఎప్పుడొస్తదో చెప్పెటోన్ని. గిప్పుడు గోడకు మీటరు పెట్టి, దాని ముల్లు జూడుమంటరు" అని రోజూ గొణుగుడే. బట్టి వెలిగించిన రోజు ఊరంతా బల్బులు ఎర్రబడ్డాయి, మా ఇంటి చుట్టుపక్కల వాళ్లు ఆ తిట్లు కూడా ఆయన్నే తిట్టారు. నెల తిరిగేసరికి ముల్లుతో స్నేహం కుదిరింది. ఇప్పుడు దాన్ని "పెద్దమనిషి" అంటున్నారు. "పెద్దమనిషి జర కోపంగున్నడు ఇయ్యాల" అని నవ్వుతారు.

కంపెనీ వాళ్లు ఎనిమిది మంది ఇంకా ఇక్కడే ఉన్నారు. సోమవారం మనవాళ్లు ఇంటి దగ్గర ఉంటే వాళ్లే నడుపుతారు. "పాపం, వాళ్లకు సోమారం లేదు. ఏ దేశమోళ్లో ఏమో" అని మీ బావ జాలి పడతారు. జులై ఆఖరుకు వెళ్లిపోతారట.

నీ కడుపు చల్లగా ఉండాలి. ఇంతకంటే నాకు రాయడం రాదు.

అక్క

*

నాగపూర్,
4 జులై 1984

అక్కా,

శరణార్థి. తొందరలో రాస్తున్నాను. దీంతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అది నీకు కాదు, బావకు. కంపెనీ వాళ్లు పోయేలోగా ఆయన చేతికి ఇవ్వు. నా పేరు తెలియకూడదన్న పాత పంతాలు ఇక వదిలెయ్యి. బావ ఆరోగ్యం బాగైంది, బట్టి ఆయన మాట వింటున్నది, ఇప్పుడు కోపమెందుకు వస్తుంది?

అందులో ఉన్నది తెలుగులోనే రాశాను. ఈ బట్టిని పండబెట్టకూడదు. బొగ్గుల బట్టికి కడుపులోనే నిప్పు ఉంటుంది, దీనికి ఉండదు, కరెంటు పోతే చల్లబడటమే. తప్పనిసరిగా ఆపవలసి వస్తే ముందు అడుగున చుక్క లేకుండా ఇనుమంతా పోయించాలి, కడ్డీలు పైకి లాగాలి, ఎనిమిది గంటల్లోపు మళ్లీ కరెంటు ఇవ్వాలి. ఆ ఎనిమిది కింద ఎర్ర సిరాతో గీత గీశాను. "బావా, ఇక సోమవారం కుదరదు, బసవన్న క్షమిస్తాడు" అని కూడా రాశాను.

మర్చిపోవద్దు.

బసవరాజ్

*

జహీరాబాద్,
17 జులై 1984

తమ్మీ,

నీ కాగితం చేరింది. భద్రంగా ఉంది, ఫికర్ పడకు.

ఇక్కడ వానలు మొహం చాటేశాయి. న్యాల్‌కల్ వైపు పెసర విత్తి రెండుసార్లు దున్నేశారట. బళ్లో ఇన్‌స్పెక్షన్ అయింది. ఆ మహాశయుడు ఐదో తరగతి పిల్లను గాలిలో ఏముంటుందని అడిగితే అది "దుమ్ము" అన్నది. జహీరాబాద్ పిల్ల ఇంకేమంటుంది?

మీ బావ బాగున్నారు. నన్ను ఝరాసంగం శివుడి గుడికి తీసుకుపోతానంటున్నారు. పెళ్లయిన కొత్తలో అన్న మాట, ఇన్నాళ్లకు గుర్తొచ్చింది.

గిరిజ

*

నాగపూర్,
31 జులై 1984

అక్కా! బావా! ఇద్దరికీ శరణార్థి.

ఈసారి ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, దాపరికం పోయింది కదా. నిన్న పెద్ద ఆఫీసరు నన్ను పిలిచి, ఢిల్లీ సభలో జహీరాబాద్ బట్టి గురించి నువ్వే మాట్లాడాలన్నారు. బొగ్గు మూడింట రెండొంతులు తగ్గించిన చిన్న కార్ఖానా ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదట. ఒక్క బొమ్మ కావాలి. బట్టి ముందు బావ నిలబడి తీయించుకున్న ఫోటో పంపండి. తలపాగా తీయవద్దు బావా, అట్లాగే బాగుంటారు.

కాగితం చదివి బావ ఏమన్నారో నువ్వు రాయనే లేదక్కా.

మీ బసవరాజ్

*

జహీరాబాద్,
2 ఆగస్టు 1984

తమ్మీ,

బట్టి చచ్చిపోయింది.

ఆదివారం సాయంత్రం చెన్నబసప్ప, ఇంకో పదిమంది కార్ఖానా వాళ్లు మా ఇంటికొచ్చారు. "మేస్త్రీ, రేపు శ్రావణ సోమారం. అందరం ఝరాసంగం పోవాలె. కంపెనోళ్లు పోయిన్రు గదా, ఇగ మనదే రాజ్యం. బట్టిని పండబెట్టు" అన్నారు. మేనేజరు జగన్‌మోహన్, దొర ఇద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు. మీ బావ మొహం వెలిగిపోయింది. ఐదు నెలలైంది కదా ఆ పని చేసి. కొబ్బరికాయ పట్టుకుని పోయారు. ఎప్పటిలాగే అడుగున కాస్త ఇనుము మిగిల్చారు, కడ్డీల చుట్టూ బొగ్గుపొడి నింపారు, మట్టి మెత్తారు, కరెంటు కట్టేశారు. ఏం చేసినా శ్రద్ధగా చేస్తారు, నీకు తెలుసు.

మంగళవారం పొద్దున కరెంటు ఇస్తే లేవలేదు. పెద్దమనిషి కదల్లేదు. కడ్డీని లాగబోతే పెటిల్లున విరిగింది. కంపెనీ వాళ్లలో ఒకాయనను వెనక్కి పిలిపించారు. ఆయన ఇనుప చువ్వతో పొడిచి చూసి, "ఇప్పుడు ఇది బట్టి కాదు, ఒకటే ఇనుప గుండు" అన్నాడు.

మీ బావ ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నారు. "పద్దెనిమిది ఏండ్లు పండబెట్టిన. ఒక్కనాడు లేవకపోలె. ఏం తప్పు జేసిన గిరిజా?" అని అడుగుతున్నారు. పొద్దున అడిగారు, సాయంత్రం అడిగారు. నేనేం చెప్పను?

గిరిజ

*

నాగపూర్,
10 ఆగస్టు 1984

అక్కా,

చదివి కూడా ఆపాడా మనిషి? ఎనిమిది గంటలని ఎర్ర సిరాతో రాస్తే ముప్పై ఆరు గంటలా? సోమవారం కుదరదని చేతులు జోడించి రాస్తే కొబ్బరికాయ కొట్టి మరీ ఆపాడా? ఇంత మొండితనమా? నా మూడేళ్ల కష్టం ఒక్క పూజకు సరిపోయింది.

దొర ఇక్కడికి తంతి కొట్టాడు. ఆఫీసులో నన్ను నిలబెట్టి అడిగారు, వాళ్లకు చెప్పక తప్పలేదు. మేస్త్రికి అన్ని జాగ్రత్తలూ కాగితం మీద రాసి పంపానని దొరకు జవాబిచ్చాను. ఉన్న మాటే కదా.

బావకు నా శరణార్థి చెప్పాలనిపించడం లేదు.

బసవరాజ్

*

జహీరాబాద్,
19 ఆగస్టు 1984

బసవరాజూ,

ఆ జవాబు రాసేముందు నన్ను ఒక్క మాట అడగవలసింది.

కాగితం ఆయనకు ఇవ్వలేదు. బళ్లో నా బల్ల సొరుగులో ఉంది, హాజరు పట్టీల కింద. ఇస్తే నీ చేతిరాత గుర్తుపడతారు, ఇదంతా నేను అడిగి చేయించానని తెలుస్తుంది, మళ్లీ నోరు మూసుకుంటారు. ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందని, అది పోగొట్టుకోలేకపోయాను. కంపెనీ వాళ్లు చెప్పే ఉంటారులే అనుకున్నాను. వాళ్లేమో బట్టిని ఎవరైనా ఆపుతారా అనుకుని ఉంటారు. మన సోమవారం సంగతి వాళ్లకేం తెలుసు?

ఇంకొకటి కూడా విను. ఆదివారం ఆయన కొబ్బరికాయ అడిగితే తీసి ఇచ్చింది నేనే. చేతిలో పెట్టేటప్పుడు నీ ఎర్ర గీత గుర్తొచ్చింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆయనకు తెలియని బట్టా అనుకుని ఇచ్చాను.

మొన్న దొర ఆయన్ని అందరి ముందు నిలబెట్టాడు. "నీకు రాసి పంపిన్రంట గదా రేవణసిద్ధప్పా, అన్నీ తెలిసి ముంచినవా?" అన్నాడట. "నాకు ఎవ్వలు ఏం రాయలె దొరా, బసవన్న మీద ఆన" అన్నారట. నాగపూర్ నుంచి వచ్చిన నీ జవాబు చదివి వినిపించారట. కార్ఖానా వాళ్లందరూ మీ బావ మొహంలోకి చూశారట. అరవై ఇండ్లలో పొయ్యి ఆరిపోయింది, ఆ కోపం ఎక్కడికి పోతుంది? దొంగ ఆన పెట్టిండని వెనక నుంచి ఎవరో అన్నారట.

ఇంటికొచ్చి నన్ను అడిగారు. "బసవరాజు కాగితం పంపిండంట. నీకేమన్న ఎరుకనా?" నేను పొయ్యి మీద చారు చూస్తున్నాను. తెలియదన్నాను.

గిరిజ

*

నాగపూర్,
30 ఆగస్టు 1984

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను.

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. కంపెనీ వాళ్ల మొదటి కాగితాల్లో మేస్త్రికి, పనివాళ్లకు మూడు నెలల శిక్షణ రాసి ఉంది. అందులో మొదటి పాఠమే బట్టిని ఆపడం, లేపడం. దాన్ని కొట్టేయించింది నేను. బావ లాంటి మనిషిని ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మధ్య కూర్చోబెట్టి పరీక్ష పెడితే తట్టుకోలేడని, ఆయనకు ఇవేవీ అక్కర్లేదని రాశాను. అభిమానంతోనే చేశాను, నీలాగే.

దొరకు నిజం రాద్దామని కూర్చున్నాను. కాగితం మేస్త్రికి చేరలేదని రాస్తే, మరి శిక్షణ ఎందుకు లేదు అని తర్వాతి ప్రశ్న వస్తుంది. ఉద్యోగం పోతుంది. సుగుణకు ఏడో నెల. రాసిన కాగితం చించేశాను. నేను ఎలాంటి వాడినో ఈ వారంలో తెలిసింది.

నువ్వైనా బావకు చెప్పక్కా.

బసవరాజ్

*

జహీరాబాద్,
5 డిసెంబర్ 1984

తమ్మీ,

బిడ్డ పుట్టిందని విన్నాను. బసవన్న చల్లగా చూడాలి. నేను రాలేను.

సెప్టెంబర్ మొదట్లో ఒక విచిత్రం జరిగింది, నీకు రాయలేదు. మీ బావ తనంతట తాను దొర దగ్గరికి పోయి, "కాగితం వచ్చింది. నేనే లెక్క జెయ్యలె. ఆనాడు అబద్ధమాడిన" అని ఒప్పుకున్నారట. నాకు చెన్నబసప్ప భార్య నారమ్మ బావి దగ్గర చెప్పింది, మొహం పక్కకు తిప్పుకుని. ఎందుకు ఒప్పుకున్నారు? అందరూ కలిసి కాకుల్లా పొడిస్తే విసిగిపోయి అన్నారా? అడగడానికి నాకు మొహం లేదు.

ఒప్పుకున్న మర్నాటి నుంచి సుత్తి, ఉలి పట్టుకుని బట్టిలోకి దిగారు. ఆ ఇనుప గుండును చెక్కి తీస్తే బట్టి దక్కుతుందని. మొదట ఇద్దరు తోడు వచ్చారు, తర్వాత ఎవరూ రాలేదు. మూడు నెలలు కొట్టారు, దాదాపు ఒక్కరే. లోపలంతా బొగ్గుపొడి, రాతి దుమ్ము. మోకాళ్ల లోతు చెక్కేసరికి దగ్గుతో నెత్తురు పడింది. పోయిన వారం దొర కార్ఖానాను పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మేశాడు. వాళ్లు వచ్చి పైకి రమ్మంటే గానీ మీ బావ బయటికి రాలేదు.

కార్ఖానా వాళ్లు సగం మంది మొగుడంపల్లి వైపు పోయి బొగ్గులు కాలుస్తున్నారు. పట్నం నుంచి లారీలు వస్తున్నాయి. ఇదివరకు ఒక బట్టికి కొట్టిన చెట్లు ఇప్పుడు ఎన్ని బట్టీలకు కొడుతున్నారో తెలియదు. సాయంత్రమైతే ఆ వైపు ఆకాశం కనబడదు. నీ ప్రొఫెసర్‌కు చెప్పు.

చెప్పావా అని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. చెప్పలేదు. ఇక అడగకు.

గిరిజ

*

జహీరాబాద్,
11 ఫిబ్రవరి 1985

బసవరాజూ,

తంతి అందిందనీ, రిజర్వేషన్ దొరకలేదనీ రాశావు. నువ్వు రాకపోవడమే మంచిదైంది. జరిగింది చెప్పవలసిన మనిషివి నువ్వొక్కడివే కాబట్టి రాస్తున్నాను.

బీదర్ దవాఖానలో ఆఖరి రోజుల్లో కూర్చుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. నా భుజానికి ఆనించి కూర్చోబెట్టేదాన్ని. బుధవారం మధ్యాహ్నం ఇక ఆగలేక చెప్పేశాను. కాగితం వచ్చింది, నా సొరుగులో ఉంది, నేనే ఇవ్వలేదు అన్నాను. మొదట నీకు ఉత్తరం రాసిన దగ్గర నుంచి అన్నీ చెప్పాను.

"ఎరుకే" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నేను అడిగిన్నాడు నువ్వు పొయ్యి దిక్కు తిరిగినవు. ఇరవై ఏండ్ల కాపురం, గంత తెల్వదా?" కాసేపు ఊపిరి కోసం ఆగారు. "మందికి తెలిస్తే నిన్ను బతకనిస్తరా? పంతులమ్మవు. అందుకే ఒప్పుకున్న."

నేను ఏడుస్తున్నాను. కొంతసేపటికి, "అందుల ఏం రాసిండు?" అన్నారు. నాకు కంఠతా వచ్చు. ఇనుమంతా పోయించాలి, కడ్డీలు లాగాలి, ఎనిమిది గంటలు. చెప్పాను. పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

"గంతేనా?" అన్నారు. నా మొహంలోకి తిరిగి చూశారు. "గీ ముక్క నాకు చెప్పనీకె గంత భయమా గిరిజా, నేనంటే?"

గురువారం తెల్లారేసరికి పోయారు.

మన పద్ధతిలోనే కూర్చోబెట్టి, విభూతి పెట్టి, గుంతలోకి దించారు. కార్ఖానా వాళ్లు ఓ ఇరవై మంది వచ్చారు. ఎవరూ ఏడవలేదు. మట్టి వేయబోయే ముందు చెన్నబసప్ప గుంత అంచున నిలబడి గట్టిగా అన్నాడు. "కాగితం దాసిపెట్టి మా నోట్ల మన్ను గొట్టినవు మేస్త్రీ. అయినా పో. శరణార్థి."

అందరూ నావైపు చూశారు. అప్పుడు చెప్పవచ్చు. ఊరంతా అక్కడే ఉంది, ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. నారమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఆయన జేసిన దానికి నువ్వేం జేస్తవు తీయమ్మా" అన్నది.

నేను తల వంచుకున్నాను. మొగుడి తప్పుకు సిగ్గుపడుతున్నదని అనుకున్నారు. అట్లాగే అనుకోనిచ్చాను.

గిరిజ